పలుచని పెంకు – చిన్న సొట్ట

కళ్యాణదుర్గము వానలకు మొగము వాచిన సీమ. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వర్షము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను వేళకు కురియునన్న నమ్మకము లేదు. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తమ తడిలో పెద్దపాలు అచ్చటనే విడిచి, వట్టి గాలులై ఈ మెట్టసీమపై వీచును. మేఘము కరుణింపకపోయినను గాలికి మాత్రము ఇచ్చట కొదువ లేదు. పూర్వము ఈ గాలిని రైతు కళ్లములో ధాన్యమును తూర్పారబట్టుటకు వాడుకొనెడివాడు. 1990 దశకములో, నాటి అనంతపురము జిల్లాలోని రామగిరి గుట్టలపై, విద్యుత్తును పుట్టించు గాలిమరలు వెలసెను. నేడు కళ్యాణదుర్గము, బెళుగుప్ప, ఉరవకొండ ప్రాంతములలో గుట్టల మీద తెల్లని స్తంభములు వరుసలు తీరి కన్పట్టుచున్నవి.

దూరమునుండి చూచువారు ఈ స్తంభములు లోపల నిండుగా ఉండునని తలంతురు. నిజమునకు అవి బోలు గొట్టములు. ఉక్కు రేకులను గుండ్రముగా వంచి, అతికి, ఒకదానిపై నొకటి నిలిపి బిగించినవి. అడుగున 4 మీటర్ల అడ్డుకొలత గల స్తంభమునకు గోడ మందము 20 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. అనగా వ్యాసార్ధము గోడ మందమునకు నూరు రెట్లు. కోడిగ్రుడ్డు విషయమున ఈ నిష్పత్తి ఇంచుమించు 60. కాబట్టి తమ తమ కొలతలను బట్టి పోల్చినచో, ఆ మహాస్తంభము కోడిగ్రుడ్డు పెంకు కంటెను పలుచనైనది! దాని నెత్తిపై పదుల టన్నుల బరువుగల యంత్రము, తిరుగు రెక్కలు. ప్రక్కనుండి ఎడతెగని గాలి త్రోపు. ఇంత పలుచని గోడ ఈ భారమును ఎంతవరకు మోయగలదు? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టెను. మధ్యకాలమున వారి లెక్క ఒకటి చెప్పగా లోహము మరియొకటి చేసెను. ఆ వివాదము ఎట్లు పుట్టినదో, ఎట్లు తీరినదో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ కథకు మొదటి అధ్యాయము మన యిండ్లలోనే ఉన్నది. నీటి ఎద్దడి గల ఊరిలో బిందె విలువ ఇల్లాలికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. కుళాయి వద్దనో, ట్యాంకరు వద్దనో బారులు తీరిన ఇత్తడి బిందెలలో, స్టీలు బిందెలలో సొట్ట లేనిది అరుదు. బిందె చేయి జారి పడినప్పుడు దాని గోడ అంతటను కొంచెము కొంచెముగా వంగదు. ఒక్కచోట మాత్రము లోపలికి పోయి ఊరకుండును. ఖాళీ రేకు డబ్బాను కాలితో త్రొక్కి చూడుడు. మొదట బింకముగా నిలుచును. త్రొక్కుడు ఒక హద్దు దాటగానే, ముందు హెచ్చరిక ఏమియు లేకుండ, ఒక్క పెట్టున నలిగిపోవును. నలిగిన గోడను పరికించినచో మడతలు ఇచ్చవచ్చినట్లు పడియుండవు. ముగ్గులోని గళ్లవలె, వజ్రాకారపు పలకలుగా, ఒక వరుస పలకల సందులలో మరియొక వరుస అమరి యుండును. పలుచని గోడ నొక్కుడునకు ఈ విధముగా ముడుచుకొనిపోవుటనే ఇంజనీర్లు బక్లింగు అందురు.

లోహము తెగిపోవుట వేరు, ముడుచుకొనిపోవుట వేరు. తెగుట పదార్థము యొక్క బలహీనత. ముడుచుకొనుట ఆకారము యొక్క బలహీనత. పొడవైన సన్నని బెత్తమును నేలకు నిలువుగా ఆనించి పైనుండి నొక్కినచో, బెత్తము నుగ్గుగాకముందే విల్లువలె ప్రక్కకు వంగును. ఎంత బరువునకు ఇట్లు వంగునో లెక్కగట్టి చూపినవాడు స్విట్జర్లాండులో పుట్టిన గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలరు. అది 1744వ సంవత్సరపు మాట. బెత్తముల విషయమున ఆయన సూత్రము నేటికిని చక్కగా పనిచేయుచున్నది.

రేకు సంగతి ఇంత సులభమైనది కాదు. పలుచని రేకును సాగదీయుట కష్టము, వంచుట సులువు. దాని మందమును సగము చేసినచో, సాగుటకు అది చూపు ప్రతిఘటన సగమునకు తగ్గును. వంగుటకు చూపు ప్రతిఘటన ఎనిమిదవ వంతునకే పడిపోవును. అందుచేత పలుచని పెంకు ఎల్లప్పుడును సాగక నలగక, వంగి తప్పించుకొనుటకు దారి వెదకుచుండును. గుండ్రని ఆకారము ఆ దారిని మూసివేయును. కాగితమును నిలువుగా నిలుపజాలము. దానినే గొట్టముగా చుట్టి నిలిపినచో పుస్తకములను మోయును. వంపులోనే బలమంతయు ఉన్నది. కాని ఆ వంపు ఒక్కచోట చెదరినచో కాగితము మరల కాగితమే.

ఇంజనీర్లు ఈ సత్యమును మొదట ఎదుర్కొన్నది వంతెన కట్టుచున్నప్పుడు. 1845లో ఇంగ్లండునందు రాబర్ట్ స్టీఫెన్‌సన్ వేల్సు తీరమునకును ఆంగిల్సీ ద్వీపమునకును నడుమ మెనాయి జలసంధిపై రైలు వంతెనను నిర్మింపదలచెను. రైలు నడిమి నుండి పోవునట్లు పెద్ద ఇనుప గొట్టము నొకదానిని అడ్డముగా పరచవలెనని ఆయన యోచన. ఆ గొట్టము ఏ ఆకారమున ఉండవలెనో తేల్చు పని విలియం ఫేర్‌బెయిర్న్ అను ఇంజనీరునకు అప్పగించెను. ఈటన్ హాడ్జ్‌కిన్‌సన్ అను గణితజ్ఞుడు ఆయనకు తోడుపడెను. వారు గుండ్రని గొట్టములు, కోలగా ఉండు గొట్టములు, చదరపు గొట్టములు చేయించి బరువులు వ్రేలాడదీసి చూచిరి. అడుగుభాగము చిరిగి తెగునని వారు ఎదురుచూడగా, అనేక గొట్టములలో పైభాగపు పలుచని రేకే ముందుగా ముడుతలు పడి కూలెను. దానితో వారు వంతెన పైకప్పును ఒకే రేకుగా గాక, చిన్న చిన్న పెట్టెలు ప్రక్క ప్రక్కన పేర్చినట్లు అరలు అరలుగా కట్టించిరి. 1850లో బ్రిటానియా వంతెన పేర అది తెరువబడెను. 1858లో ఫేర్‌బెయిర్న్ ఆవిరి బాయిలర్ల లోపలి పొగగొట్టములు బయటి ఒత్తిడికి ఎట్లు నలిగి లోపలికి కూలునో పరీక్షించి రాయల్ సొసైటీకి నివేదించెను. గొట్టము పొడవు పెరిగిన కొలది బలము తగ్గునని ఆయన కనుగొనెను. బాయిలరు ప్రేలుడు అనగా ప్రాణహాని. కావున ఇది పుస్తకములకు పరిమితమైన ప్రశ్న కాదు.

ఇరువదవ శతాబ్దము ఆరంభమున గణితజ్ఞులు ఈ విషయమును చేపట్టిరి. 1908లో జర్మనీకి చెందిన లోరెంట్జ్, 1910లో రష్యాకు చెందిన స్టెపాన్ టిమొషెంకో, 1914లో ఇంగ్లండునకు చెందిన సౌత్‌వెల్ వేరువేరు మార్గములలో గొట్టము కొనలనుండి పడు నొక్కుడునకు లెక్క కట్టిరి. వారు చేరిన సూత్రము ముచ్చటైనది: లోహపు బిరుసును గోడ మందముచేత గుణించి, వ్యాసార్ధముచేత భాగించి, దానిలో ఇంచుమించు అరువది వంతుల పాలు గైకొన్నచో గొట్టము ఓర్వగల ఒత్తిడి వచ్చును. సూత్రమునందు పొడవు ప్రసక్తి లేదు. వక్రత, మందము, లోహము, అంతే. ఇంత సరళమైన ఫలితము లభించినందుకు ఆనాటి శాస్త్రజ్ఞులు సంతసించి యుందురు.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. ఆ తరువాతి కాలమున విమానములు కొయ్య, గుడ్డ విడిచి పలుచని లోహపు రేకులతో నిర్మాణమగుట ఆరంభించెను. విమానపు దేహము పెద్ద గొట్టమే. రేకు ఎంత పలుచనైన బరువు అంత తక్కువ. కాని ఎంత పలుచనైనచో కూలును? సూత్రమును నమ్మవచ్చునా? 1933లో అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధన సంఘమునకు చెందిన లండ్‌క్విస్ట్ డ్యూరాల్యుమినియం గొట్టములను వరుసగా నొక్కి పరీక్షించెను. మరుసటి యేడు కాలిఫోర్నియాలో డానెల్ తన పరీక్షలను ప్రకటించెను. ఫలితములు కలవరపెట్టునవిగా ఉండెను. సూత్రము నూరు చెప్పినచోట గొట్టము ఏబదికి కూలెను, మరియొకటి ముప్పదికి, మిక్కిలి పలుచనివి ఇరువదికే కూలెను. ఒకే రేకుతో, ఒకే కొలతలతో, ఒకే పనివాడు చేసిన రెండు గొట్టములు సైతము ఒకే బరువునకు కూలలేదు. నాలుగు టన్నులు మోయునని లెక్క చెప్పిన గొట్టము ఒక్క టన్నుకే కూలవచ్చునన్నచో, ఆ లెక్కను నమ్మి ఆకాశమున మనుష్యులను ఎట్లు కూర్చుండబెట్టుట?

ఇట్టి వ్యత్యాసము శాస్త్రములో అరుదు. లెక్కలో తప్పు లేదు, పలువురు సరిచూచిరి. పరీక్షలోను తప్పు లేదు. పలుచోట్ల మరల మరల చేసిరి. ఐనను రెండును కలియవు.

ఈ ముడిని విప్పుటకు మొదటి గట్టి ప్రయత్నము కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలోని విమానశాస్త్ర ప్రయోగశాలలో జరిగెను. దానికి అధిపతి హంగరీ దేశమున పుట్టిన థియొడర్ ఫాన్ కార్మాన్. ఆయన శిష్యుడు చైనా దేశీయుడైన చియెన్ షుయెసెన్. తరువాతి కాలమున, 1955లో స్వదేశమునకు మరలి, చైనా రాకెట్ల నిర్మాణమునకు ఆద్యుడైనవాడు. ఈ గురుశిష్యులు 1939లో గోళాకారపు పెంకులను గూర్చియు, 1941లో గొట్టములను గూర్చియు వ్రాసిరి. వారు గమనించిన దేమనగా, పాత లెక్క గొట్టము ముడుచుకొనుట ఎప్పుడు మొదలగునో మాత్రమే చూచినది. మొదలైన పిమ్మట ఏమగునో చూడలేదు. బెత్తము వంగిన తరువాతను తన బరువును మోయుచునే ఉండును. పెంకు అట్లు కాదు. సొట్ట పడిన మరుక్షణమున దాని మోయు శక్తి పాతాళమునకు జారును. పర్వత శిఖరమున చిన్న గుంటలో నిలిచిన గోలీకాయను ఊహింపుడు. గుంటలో ఉన్నంతవరకు అది స్థిరమే. కాని ప్రక్కనే లోతైన లోయ ఉన్నది. చిన్న త్రోపు చాలును, గోలీ లోయలో పడును. పలుచని గొట్టము భారము క్రింద నిలుచుటయు ఇట్టి నిలుకడయే.

ఐతే ఆ చిన్న త్రోపు ఎచ్చటనుండి వచ్చును? దీనికి సమాధానము హాలండు నుండి వచ్చెను. వార్నర్ కొయిటర్ అను యువ ఇంజనీరు రెండవ ప్రపంచయుద్ధ కాలమున, తన దేశము జర్మనుల ఆక్రమణలో ఉన్న దినములలో, ఈ సమస్యపై సిద్ధాంత గ్రంథమును రచించెను. 1945లో డెల్ఫ్ట్ నగరమున దానిని సమర్పించెను. గ్రంథము డచ్చి భాషలో ఉండుటచేత బయటి ప్రపంచమునకు చాలకాలము తెలియలేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1967లో ఆంగ్లానువాదమును వెలువరించెను. కొయిటర్ చెప్పినది ఒక్క మాటలో చెప్పవలెనన్నచో: లెక్కలోని గొట్టము నిర్దుష్టమైనది, లోకములోని గొట్టము ఎన్నడును నిర్దుష్టము కాదు.

ఆయన ఊరక చెప్పి విడువలేదు, కొలిచి చూపెను. గొట్టపు గోడలో గుండ్రముగా చుట్టివచ్చు సన్నని అల వంటి లోపము ఉన్నదనుకొందము. ఆ అల ఎత్తు గోడ మందములో పదవ వంతే ఐనను గొట్టము తన సంపూర్ణ బలములో ఇంచుమించు 40 పాళ్లు కోల్పోవును. అల ఎత్తు గోడ మందమంత ఐనచో మిగులు బలము నాలుగవ వంతునకు లోపే. 1963లో ఆయన ప్రకటించిన లెక్కల సారమిది. కంటికి కానరాని వంకర, చేతికి తగులని సొట్ట, అతుకు వద్ద కొద్దిపాటి కుంగు, వీనిలో ఏదైనను చాలును. ముప్పది యేండ్లుగా పరీక్షశాలలను వేధించిన వ్యత్యాసము లోహము యొక్క మోసము కాదు, గణితము యొక్క తప్పును కాదు. ఇద్దరును వేరువేరు గొట్టములను గూర్చి మాటలాడుచుండిరి!

ఈ మాటను నమ్మనివారు చల్లని పానీయములు అమ్ము అల్యూమినియం డబ్బాను తలచుకొనవలెను. దాని వ్యాసార్ధము సుమారు 33 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ మందము మిల్లీమీటరులో పదవ వంతు. పాత సూత్రము ప్రకారము ఆ గోడ ఇంచుమించు 270 కిలోల బరువును ఓర్వవలెను. సొట్ట లేని ఖాళీ డబ్బాపై మెల్లగా, నిలువుగా ఎక్కినచో మనిషి బరువును అది మోయగలుగుట కద్దు. అట్లు మోయుచున్నప్పుడు ఎవరైన ప్రక్కన వ్రేలితో కొద్దిగా తట్టినచో, తట్టినదే తడవుగా అది నేలమట్టమగును. డబ్బా బలము మారలేదు, మనిషి బరువు మారలేదు. మారినది గోడలో ఒక్క చిన్న గుంట.

ఇక ఆ వజ్రాకారపు మడతల మాట. అవి అంత క్రమముగా ఏల పడును? జపాను ఇంజనీరు యొషిమారు యొషిముర 1951లో దీనికి చక్కని వివరణ నిచ్చెను. 1955లో అది ఆంగ్లమున వెలువడెను. పలుచని రేకు సాగుటకు ఇష్టపడదని మొదటనే చెప్పుకొన్నాము. గుండ్రని గొట్టము పొట్టిది కావలెను, కాని గోడ ఎచ్చటను సాగరాదు, కుదింపబడరాదు, ఊరక మడతలు మాత్రమే పడవలెను అన్నచో, ఒక గొప్ప ఉపాయము కలదు. గోడను త్రిభుజపు పలకలుగా విరిచి, వరుస తప్పించి అమర్చవలెను. రెండేసి త్రిభుజములు కలిసి ఒక్కొక్క వజ్రమగును. నలిగిన గొట్టము ఈ ఆకారమును తనంతట తాను వెదకుకొనును. ఇంటిలోనే దీనిని చూడవచ్చును. సీసా చుట్టును కాగితమును కొద్దిగా వదులుగా చుట్టి అంటించి, రెండు కొనలను రెండు చేతులతో పట్టి లోపలికి నొక్కినచో వజ్రముల వరుస తేలును. చొక్కా చేతిని మోచేతిపైకి త్రోసినప్పుడు, చుడీదారు చీలమండ వద్ద కుచ్చుపడినప్పుడు కన్పించు ముడుతలును ఈ కుటుంబములోనివే. దరజీకిని రాకెట్టు నిర్మాతకును ఒకే జ్యామితి!

జపాను వారు ఈ ఓటమి చిహ్నమునే బలముగా మార్చుకొనిరి. మడతలు పడిన గొట్టము నిలువుగా నొక్కినచో బలహీనమే గాని, ప్రక్కనుండి పడు ఒత్తిడికి మిక్కిలి గట్టిగా నిలుచును. కొర్యో మియుర అను శాస్త్రజ్ఞుడు 1969లో ఇట్టి పలకల పెంకులను ప్రతిపాదించెను. 2001 నుండి జపానులో ఒక పానీయపు డబ్బా ప్రక్కగోడపై ఈ వజ్రముల నమూనాను ముందుగానే ముద్రించి అమ్ముచున్నారు. మన వేరుశనగ కాయను చేతిలోకి తీసికొని చూడుడు. అనంతపురపు ఎర్రనేలలో పండిన ఆ కాయ పెంకుపై నిలువు గీతలు, వానిని కలుపు అడ్డు గీతలు వలవలె అల్లుకొని యుండును. పలుచని గోడకు పక్కటెముకలు పెట్టవలెనని ఇంజనీరు నేర్చుకొనకముందే వేరుశనగ ఆ పాఠమును దాచుకొన్నట్లు తోచును. ఇంటి కప్పులపై వేయు జింకు రేకునకు అలలు పెట్టుటలోని మర్మమును ఇదియే.

సిద్ధాంతము తెలిసినంత మాత్రమున నిర్మాణము సులభము కాలేదు. గొట్టము గోడలో ఏ లోపము ఎచ్చట నున్నదో ముందుగా ఎవ్వరు చెప్పగలరు? అందుచే 1960 దశకమున నాసా ఒక జాగ్రత్త మార్గమును ఎంచుకొన్నది. అంతవరకు జరిగిన పరీక్షల ఫలితములన్నిటిని ఒక పటముపై గుర్తించి, అన్నిటికంటె దిగువన ఒక గీత గీసినది. పాత సూత్రము చెప్పిన బలములో ఆ గీత చెప్పిన పాలు మాత్రమే లెక్కకు తీసికొనవలెనని 1965లో ఒక నియమావళి వెలువరించి, 1968లో దానిని సవరించినది. దాని ప్రకారము వ్యాసార్ధము మందమునకు 100 రెట్లున్న గొట్టమునకు సూత్రబలములో ఇంచుమించు 58 పాళ్లు. 1000 రెట్లున్న గొట్టమునకు 22 పాళ్లు మాత్రమే. ప్రాణములు నిలిచినవి; కాని ఈ జాగ్రత్తకు వెల కలదు. రాకెట్టులో అదనముగా మోసిన ప్రతి కిలో రేకును ఉపగ్రహము బరువులోనుండి తీసివేయవలసినదే.

ఆ వెలను తగ్గించుటకు 2007లో నాసా మరల పరీక్షలు మొదలిడెను. 2011 మార్చి మాసమున అలబామా రాష్ట్రములోని హంట్స్‌విల్ నగరమున, 8.4 మీటర్ల అడ్డుకొలత, 6 మీటర్ల ఎత్తు గల అల్యూమినియం–లిథియం గొట్టమును గోడపై వేలకొలది చుక్కలు అద్ది, కెమెరాలతో చుక్కల కదలికను గుర్తించుచు, సుమారు పది లక్షల పౌండ్ల నొక్కుడుతో కూల్చి చూచిరి. నేటి నిర్మాణములు పాతవానికంటె నిర్దుష్టమైనవనియు, పాత గీత వానికి మరీ కఠినమైనదనియు తేలెను. పాత నియమావళిని 2020లో నాసా సంస్కరించి ప్రకటించెను.

హంట్స్‌విల్ పేరు విన్నప్పుడు తెలుగువారికి మరియొక పేరు తట్టవలెను. వరంగల్లు ప్రాంతమున 1945లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన జునుతుల ఎన్. రెడ్డి 1974లో డాక్టరేటు పట్టమును పొందినది ఆ నగరపు విశ్వవిద్యాలయమునందే. పొరలు పొరలుగా అంటించి చేయు నేటి మిశ్రమ పదార్థముల పలకలు, పెంకులు ఎట్లు వంగునో లెక్కించుటకు ఆయన 1984లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రపంచమంతటను ఆయన పేరనే వ్యవహారములో ఉన్నది. 2019లో ఆయనకు లభించిన ప్రతిష్ఠాత్మకమైన పతకము టిమొషెంకో పేర నెలకొన్నది. 1910లో గొట్టమునకు లెక్క కట్టిన ఆ టిమొషెంకోయే! అట్లే మన తీరమున శ్రీహరికోటనుండి 1980 జులై 18న ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును మోసికొని లేచినప్పుడు దేశపు అంతరిక్ష సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధావన్. ఆయన 1951లో డాక్టరేటు గడించినది ఫాన్ కార్మాన్ పెంచి పోషించిన కాలిఫోర్నియా ప్రయోగశాలలోనే. నేడు శ్రీహరికోట కేంద్రము ఆయన పేరనే ఉన్నది. ఏ రాకెట్టైనను మొదటినుండి చివరివరకు పలుచని గొట్టముల దొంతరయే గదా!

తిరిగి కళ్యాణదుర్గము గుట్టలకు వత్తము. పడమటి గాలి రెక్కలను నెట్టినప్పుడు స్తంభము కొద్దిగా తూర్పునకు వంగును. అప్పుడు పడమటి వైపు గోడ సాగదీయబడును. తూర్పు వైపు గోడ నొక్కబడును. ముడుచుకొనుటకు భయము ఆ తూర్పు గోడకే. ఇంత మందపు గోడలో లోహము మెత్తబడి లొంగుటయు, ముడుచుకొనుటయు కలసి వచ్చును. అందుచేత లెక్క మరింత జటిలము. లోనికి పోవుటకై అడుగున కోసిన తలుపు వద్ద గోడకు చుట్టును బలమైన చట్రము అతుకవలసినది కూడ ఇందుకే.

ఇట్టి పెంకులకు ఐరోపా దేశములవారు 2007లో ప్రకటించిన ప్రమాణములో సొట్టను కొలుచు పద్ధతి ఉన్నది. అది మన వడ్రంగులకు సైతము అర్థమగునంత సరళమైనది. ఒక తిన్నని బద్దను గోడకు ఆనించి, బద్దకును గోడకును నడుమ గల సందు ఎంతయో చూడవలెను. 2 మీటర్ల వ్యాసార్ధము, 20 మిల్లీమీటర్ల మందము గల గోడకు ఆ బద్ద పొడవు 800 మిల్లీమీటర్లు. సందు 5 మిల్లీమీటర్లకు లోబడినచో ఆ గొట్టము ఉత్తమ శ్రేణి. 8 మిల్లీమీటర్లవరకు మధ్యమము. 13 మిల్లీమీటర్లకు ఇంచుమించుగా చివరి హద్దు. శ్రేణి తగ్గిన కొలది లెక్కకు తీసికొను బలమును తగ్గింపవలెను. ఆలోచింపుడు: పదుల మీటర్ల ఎత్తున నిలుచు స్తంభపు యోగ్యత, మన చిటికెన వ్రేలి మందమంత సొట్టపై ఆధారపడి యున్నది. పొడుగాటి ట్రెయిలరు లారీలపై ఆ గొట్టములు మన ఊళ్ల మలుపులు తిరుగునప్పుడు అంత మెల్లగా పోవుటలో అర్థము లేకపోలేదు.

చివర ఒక కొత్త ప్రయత్నమును చెప్పి ముగింతును. ఒక గొట్టము ఎంత బరువునకు కూలునో తెలియవలెనన్నచో ఇంతకాలము దానిని కూల్చి చూచుటయే దిక్కు. కూల్చినదానిని మరల వాడుకొనలేము. 2017లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొందరు మరియొక త్రోవ త్రొక్కిరి. వారు సామాన్యమైన పానీయపు డబ్బాలను తీసికొని, పైనుండి బరువు మోపి, ప్రక్కనుండి సన్నని మొనతో మెల్లగా పొడిచి, గోడ ఎంత గట్టిగా ఎదురుతిరుగునో కొలిచిరి. బరువు పెరిగిన కొలది ఆ ఎదురు తగ్గును. అది ఏ వేగముతో తగ్గుచున్నదో చూచి, ఎచ్చట పూర్తిగా మాయమగునో ఊహింపవచ్చును. గోలీకాయ నిలిచిన గుంట లోతును, గోలీని దొర్లింపకుండగనే కొలిచినట్లు!

సంతలో కుండ కొనువారు ఏమి చేయుదురు? చేతిలోకి తీసికొని మునివ్రేళ్లతో తట్టి, చెవియొగ్గి వినెదరు. పగులగొట్టి పరీక్షింపరు. తట్టిచూచి తెలిసికొను ఆ నేర్పు మన పల్లెలకు ఎంత పాతదో ఎవ్వరును చెప్పలేరు. ఆయిలరు నాటినుండి రెండువందల డెబ్బది యేండ్లు లెక్కలు కట్టి, గొట్టములు కూల్చి, చివరకు శాస్త్రము ఆ త్రోవకే చేరుచున్నది. నిర్దుష్టమైన గొట్టమునకు లెక్క కట్టుట మొదటి నూరేండ్ల విజయము. లోపమును దాచక, దానిని కొలిచి, లెక్కలోనికి చేర్చుకొనుట తరువాతి కాలపు వివేకము. గుట్టపై గాలిమర స్తంభము నేడు నిలిచియున్నది ఈ రెండవదాని వలననే.